గురికట్ట మీద మా ఆయన

భరణి కార్తె, మంగళవారం

ఈ పుస్తకంలో గురికట్ట సంగతులే తప్ప సొంత కబుర్లు రాయకూడదని దస్తగిరన్న గట్టిగా చెప్పాడు. ఆయన మా అద్దాలపల్లెకు పెద్ద. నేను హనుమక్కను, ఈ గురికట్ట మీద ఊళ్లో అందరికీ పిస్తోలు కాల్చడం నేర్పేదాన్ని. ఇవాళ గురికట్ట మీద తూటా వృథా చేసింది మా ఆయనే. మరి ఇది ఊరి సంగతో సొంత కబురో దస్తగిరన్నే తేల్చుకోవాలి.

తెల్లవారేసరికి అందరూ వచ్చారు. మా ఊళ్లో ఏ పనైనా పొద్దు నడినెత్తికి రాకముందే ముగించుకోవాలి. ఎండ ముదిరితే తుడుపుగాళ్లు లేస్తారు. వెనకటికి కంపెనీవాళ్లు ఈ మెట్టనేలంతా ఎండతో కరెంటు పుట్టించే అద్దాలు పరిచి, వాటిని తుడవడానికీ, తెగిన తీగలు అతకడానికీ దూడంతేసి యంత్రాలను వదిలారు. తర్వాత కంపెనీ పోయింది. పోయిన సంగతి తుడుపుగాళ్లకు ఎవరూ చెప్పలేదు. పాపం, చెప్పిన పని ఇప్పటికీ మానలేదు. అతకడానికి రాగితీగ కావాలి, అది మా ఇళ్లలో ఉంది. అడ్డం వెళ్తే కత్తెర చెయ్యి చాపుతారు. తీగకూ మనిషి వేలికీ తేడా వాళ్లకు తెలియదు.

అద్దాల కింద ఇళ్లు కట్టుకుని బతికేవాళ్లం, సందులో నడుం వంచకుండా నడవలేం. అక్కడ పొడుగు తుపాకి తిప్పే చోటుండదు కాబట్టి పిస్తోలే గతి. నగరం నుంచి వచ్చే ఈ పిస్తోలు పిడిలో నాడి చూసే బిళ్ల ఒకటి ఉంది. పట్టుకున్న మనిషి గుండె నిమ్మళంగా కొట్టుకుంటే పక్కన పచ్చదీపం వెలుగుతుంది. గుండె అదుపు తప్పితే ఎర్రదీపం వెలిగి ట్రిగ్గర్ బిగుసుకుపోతుంది. కోపంలో మనుషులు ఒకరినొకరు కాల్చుకోకుండా అలా చేశారట. మంచి ఆలోచనే. నగరంలో నీడపట్టున కూర్చున్నవాడికి కోపంతో ఎగిరే గుండెకూ భయంతో ఎగిరే గుండెకూ తేడా తట్టలేదు, అంతే. ఆ బిళ్ల పీకేద్దామని చూసిన పిస్తోళ్లు రెండు ఇప్పుడు మా ఇంట్లో మేకులు కొట్టడానికి పనికొస్తున్నాయి.

అందుకే నేను గురి కన్నా గుండె నిలపడమే ఎక్కువ నేర్పుతాను. బతికున్న తుడుపుగాడిని పాఠానికి తేలేను, చుట్టాలనైతే తేగలను. కాల్చేవాళ్ల వెనకాల మట్టిగట్టు మీద వాళ్ల సొంత మనుషులను కూర్చోబెట్టి ఎగతాళి చేయిస్తాను. అత్తగారు వెనక కూర్చుని మాట విసురుతుంటే గుండె నిలిపి కాల్చగలిగిన కోడలు తుడుపుగాడికి భయపడుతుందా? పోయినవాళ్ల ఊసు ఎత్తకూడదు, బిడ్డల్లేని ఊసు ఎత్తకూడదు. తక్కినవన్నీ చెల్లుతాయి. బాగా ఎగతాళి చేసినవాళ్లకు ఆ పూట బెల్లం ముక్క. నేర్పేదాన్ని కాబట్టి నేను మాత్రం నోరు మెదపకూడదు. నాకు ఇంతకన్నా పెద్ద శిక్ష లేదని మా ఆయన అంటాడు.

మా ఆయన ఉరుకుందు ఊరి నీళ్ల మోటరు చూస్తాడు. ఇప్పటికి నాలుగుసార్లు పిస్తోలు పరీక్ష తప్పాడు. ఇవాళ గీత మీద నిలబడ్డాడో లేదో, పక్కింటి మాబున్ని చిన్నమ్మ గట్టు మీద నుంచి అందుకుంది.

"ఏం ఉరుకుందూ, పిస్తోలు పట్టుకున్నావా, ఎలకను తోక పట్టుకున్నావా?"

ఎర్రదీపం.

"ఇది సెడిపోయినాది. ఇంగొకటి ఈండి" అన్నాడు మా ఆయన.

ఆడలేక మద్దెల ఓడన్నట్టు ఇది మూడో పిస్తోలు. నాకు ఓపిక పోయింది. "వేలు తియ్యయ్యా, అది మోటరు స్విచ్చి కాదు" అన్నాను. ఆ మాటకు పచ్చ వెలిగింది. వెలిగిందన్న కంగారులో కాల్చేశాడు. సున్నపు బొట్టు పెట్టిన రేకును వదిలేసి తూటా మూరెడు పక్కన మట్టిలో దిగింది. పిస్తోలు పాడు కాలేదని తేలింది కదా, అదొక్కటే లాభం.

కృత్తిక కార్తె, ఆదివారం

ఇవాళ నవ్వే సంగతి కాదు. మధ్యాహ్నం ఒక తుడుపుగాడు ఊరి అంచు ఇళ్లన్నీ వదిలేసి తిన్నగా మోటరు గదికి వచ్చాడు. మా ఆయన లోపల ఉన్నాడు. తలుపు వేసుకుని వీపు ఆనించి నిలబడ్డాడట. తుడుపుగాడు బయటి తీగ లాక్కుని పోయాడు. సాయంత్రం దాకా ఊరికి నీళ్లు లేవు. అంత రాగి ఒక్కచోట ఉందని వాళ్లకు తెలిసిపోయింది. ఇక వస్తూనే ఉంటారు.

పోయినేడు రోహిణిలో కదిరప్ప తుడుపుగాడికి ఎదురెళ్లి మాకు దక్కకుండా పోయాడు. గురికట్ట మీద కదిరప్పను మించినవాడు లేడు, కళ్లు మూసుకుని కాల్చినా సున్నపు బొట్టే. ఆయన్ను అద్దాల కింద నుంచి మోసుకొచ్చినప్పుడు చేతిలోని పిస్తోలును నేనే విప్పి చూశాను. తూటాలన్నీ లోపలే ఉన్నాయి. ఎగతాళి గట్టు పెట్టింది ఆ తర్వాతే.

సాయంత్రం దస్తగిరన్న మా గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. కూర్చోమన్నా కూర్చోలేదు.

"హనుమక్కా, ఇంగ మోటరు కాడ ఉండేటోనికి పిస్తోలు రావల్ల. రోహిణి దాటేలోపల ఉరుకుందు గెలిస్తే మోటరు ఆయప్పదే. లేకుంటే ఇంగొకరికి అప్పజెప్పాల్సి వస్తాది. నన్ను తప్పుగా అనుకోబాకు."

"ఆయప్ప గెలిస్తే తుడుపుగాని ముందర నిలబడేది కూడా ఆయప్పే గదన్నా" అన్నాను.

"అవును మా. అదే చెప్తాండా. గెలిచినాడో లేదో రాసేది నువ్వే. బాగా చూసి రాయి."

దస్తగిరన్న వెళ్లాక మా ఆయన మోటరు వైపే చెవి పెట్టి సంగటి తిన్నాడు. పెళ్లికి ముందు నుంచి ఆ మోటరు ఆయన చేతిలో ఉంది. దాని చప్పుడులో తేడా వస్తే నిద్రలో కూడా లేచి కూర్చుంటాడు. నాకు జ్వరమొస్తే మాత్రం పొద్దున నేను చెప్పేదాకా తెలియదు.

ఇక్కడ ఉన్నమాట రాస్తున్నాను. ఆయన గెలవకూడదని నాకుంది. మోటరు పోతే కుములుతాడు, కానీ కుమిలే మొగుడు నాకు చాలు. కదిరప్ప పెళ్లానికి ఆ మాత్రం కూడా మిగల్లేదు.

కృత్తిక కార్తె, గురువారం

తూటాలు తీసేసిన పిస్తోలును ఇంటికి తెచ్చాను. ఒకవైపు శెనక్కాయలు వలుచుకుంటూ ఇంకోవైపు పాఠం. గెలవకూడదని ఉన్నా నేర్పడం నేర్పినట్టే నేర్పాలి. చేతకాక ఓడితే సరే, నేను సరిగ్గా నేర్పక తుడుపుగాడి చేతిలో పడితే నేను భరించలేను.

రెండు చేతులూ పిడి మీద ఉండాలి, కుడిచెయ్యి ముందుకు తోస్తే ఎడమచెయ్యి వెనక్కి లాగాలి. చూపు పిస్తోలు కొసన ఉన్న ముల్లు మీద ఉంచాలి. గురి కుదిరేదాకా వేలు ట్రిగ్గర్ మీదికి పోకూడదు, పోయాక పాలు పిండినట్టు మెల్లగా నొక్కాలి. భయమేస్తే చెవులు మూసుకుపోతాయి, చూపు సన్నబడుతుంది, వేళ్లు మొద్దుబారతాయి. అప్పుడు ఊపిరి నిదానంగా తీసి, కాస్త ఆపి, అంతకన్నా నిదానంగా వదలాలి. ఇదంతా నాకు కంఠతా వచ్చు. కొత్తవాళ్లకు చెప్పేటప్పుడు ఒక్క ముక్క తడబడను.

ఆయన గోడ మీది మేకుకు గురిపెట్టి నిలబడ్డాడు. ఉత్త మేకే, అయినా ఎర్రదీపం.

"ఏమయ్యా, మేకు నీకేం బాకీ పడిందని అట్ల చూస్తాండావు?"

దీపం పచ్చగా మారింది. నేను శెనక్కాయల్లో పడి ఊరుకున్నాను. మళ్లీ ఎర్ర.

"మోచేతులు చూడు. పెళ్లికూతుర్ని చూడను వచ్చినప్పుడు కూడా ఇట్లే బిగుసుకోని కూసున్నావు. పిల్లోనికి పక్షవాతం ఉందేమోనని మా నాయన భయపడినాడు."

పచ్చ. చేతిలో కాయలు వదిలేసి దగ్గరికి వెళ్లాను. మాట అంటే పచ్చ, మాట ఆపితే ఎర్ర. వాళ్ల నాయన బట్టతలను అన్నాను, పచ్చ. వాళ్ల అక్క నూరే ఊరుబిండి పచ్చడిని అన్నాను, ఇంకా పచ్చ. ఊరందరిదీ ఒక దారైతే ఉలిపికట్టెది ఇంకో దారి అంటారు. ఊరందరికీ ఎగతాళితో గుండె ఎగురుతుంటే ఈ మనిషికి నా ఎగతాళితో నిమ్మళిస్తోంది.

"ఎట్లయ్యా ఇది?" అన్నాను.

"నాకేం తెలుసు మే? నువ్వు ఏదో ఒగటి అంటాంటే మోటరు తిరుగుతాండట్ల ఉంటాది. అది తిరుగుతాంటే ఊరికి నీళ్లు పోతాండాయని అర్థం. సప్పుడు నిలబడిపోతేనే భయం" అన్నాడు, మేకు మీద నుంచి చూపు తీయకుండా.

నన్ను ఇన్నేళ్లూ మోటరు అనుకున్నాడన్నమాట. కోపం రావాలి. రాలేదు.

రోహిణి కార్తె, సోమవారం

రోహిణిలో రోళ్లు పగులుతాయంటారు. పొద్దున్నే రేకులు పట్టుకుంటే చెయ్యి కాలుతోంది.

పరీక్ష జరిగింది. మాబున్ని చిన్నమ్మ ఎంత అన్నా ఆయన దీపం ఎర్రగానే ఉంది. దస్తగిరన్న నా వైపు చూశాడు. ఇంట్లో జరిగింది ఆయనకు ముందే చెప్పాను, దాచే అలవాటు లేదు. "ఈ ఒక్కసారికి నోరు తెరువు మా" అన్నాడు. తెరిచాను. ఇన్నాళ్లూ గురికట్ట మీద బిగబట్టుకున్నదంతా వదిలాను. గట్టు మీద జనం నవ్వలేక పొట్టలు పట్టుకున్నారు. మా ఆయన ఒక్కడే నిబ్బరంగా నిలబడి ఒకటి తర్వాత ఒకటి కాల్చాడు. అన్నీ సున్నపు బొట్టులోనే. మాబున్ని చిన్నమ్మ తన బెల్లం ముక్క తెచ్చి నా చేతిలో పెట్టి "ఇది నీదే" అంది.

దస్తగిరన్న రాయమన్నాడు. నేను రాయలేదు.

"మోటరు కాడ నేనుంటానా అన్నా? నా నోరు కోసి ఆడ గేటుకు కట్టమంటావా?" అన్నాను.

దస్తగిరన్న గడ్డం గోక్కున్నాడు. రోహిణి దాటేదాకా గడువుంది కాబట్టి ఉరుకుందుకు తూటాలతో పిస్తోలు ఇచ్చి ఉంచమన్నాడు. నా నోరు లేకుండా పచ్చ తెప్పించాలి, అప్పుడు రాస్తానని చెప్పి వచ్చాను.

దానికి ఒకటే దారి తోచింది. నేను మాట్లాడకుండా ఉండటం. చప్పుడు లేకపోవడం అలవాటైతే భయం పోతుంది. సాయంత్రం నుంచి మొదలుపెట్టాను.

రోహిణి కార్తె, శుక్రవారం

మాట్లాడకుండా ఉండటం ఇంత కష్టమని ఎవరూ చెప్పలేదు. నిన్న మా ఆయన చొక్కా తిరగేసి వేసుకుని ఊరంతా తిరిగి వచ్చాడు. నా నాలుక మీద మాటలు క్యూ కట్టాయి. పమిట చెంగు నోట్లో కుక్కుకుని లోపలికి వెళ్లాను.

పాఠం మాత్రం ముందుకు పోలేదు. దీపం పగలూ సాయంత్రమూ ఎర్రగానే ఉంటోంది. ఆయన సరిగ్గా తినడం లేదు. ఇవాళ మాబున్ని చిన్నమ్మ వచ్చి నా ముందు చతికిలబడింది.

"ఏం మ్మా, ఉరుకుందు మా ఇంటికొచ్చి ఏడుపు మొగం పెట్టినాడు. తానేం తప్పు చేసినాడో అడిగి రమ్మన్నాడు. నువ్వు తిట్టడం లేదంట గదా?"

"పాఠం చిన్నమ్మా."

"ఏం పాఠమే తల్లీ! తిట్టే పెండ్లాం తిట్టకుంటే మొగోనికి బువ్వ దిగుతాదా? వాడు రోగమొచ్చి పోతాడు. తుడుపుగాని దాకా ఎందుకు?"

నవ్వుతూనే అంది గానీ నాకు గుచ్చుకుంది. రాత్రికి సంగటి పెట్టి, మౌనం వదిలేసి సూటిగా అడిగాను. "మోటరు ఇడిచిపెట్టరాదా? ఇద్దరమూ శెనక్కాయలు వల్చుకోని బతకలేమా?"

ఆయన చేతిలో ముద్దను మళ్లీ గిన్నెలో పెట్టాడు.

"ఇంగొకని చేతికిస్తే వాడు మాత్రం తుడుపుగాని ముందర నిలబడొద్దా? వానికీ పెండ్లాం ఉంటాది గదా మే" అన్నాడు.

ఆయన పట్టిన కుందేలుకు ఎప్పుడూ మూడే కాళ్లు. ఈసారి మాత్రం లెక్క సరిగ్గానే ఉంది, అదే నా బాధ.

రోహిణి కార్తె, మంగళవారం

ఇది నిన్నటి సంగతి. నిన్న రాయలేకపోయాను.

నడిమధ్యాహ్నం కంచం మోగింది. తుడుపుగాడు కనబడితే మా ఊళ్లో కంచం కొడతారు. చప్పుడు మోటరు వైపు నుంచి వచ్చింది. బెల్టు జారిందని మా ఆయన అంతకుముందే అటు వెళ్లాడు. నా పిస్తోలు తీసుకుని అద్దాల కింద వంగి పరుగెత్తాను. మోకాళ్లు గీరుకుపోయిన సంగతి రాత్రి స్నానం చేస్తే తెలిసింది.

మోటరు గది ముందు ఆయన గోడకు ఆనుకుని ఉన్నాడు. తుడుపుగాడు ఆయనకు రెండు బారల దూరంలో ఉన్నాడు. గది తలుపు ఆయన వెనక ఉంది, తీగ తలుపు వెనక ఉంది. తుడుపుగాడికి తీగ కావాలి, మధ్యలో మా ఆయన అడ్డం. కత్తెర చెయ్యి తెరిచి మూసి తెరిచి మూసి చూసుకుంటున్నాడు. పక్కకు తప్పుకుని పారిపోవచ్చు కదా అని నాకు ప్రాణం కొట్టుకుంది. తప్పుకోలేదు. చేతిలో పిస్తోలు ఎత్తే ఉంది, దాని దీపం ఎర్రగా ఉంది.

తుడుపుగాడికి ఒకటే ఆయువుపట్టు, కంటి అద్దం. నేను నిలబడ్డ చోట నుంచి ఆ కన్ను పక్కవాటుగా కనబడుతోంది, వెనకాల ఉత్త మట్టికట్ట. నాకది కష్టమైన గురి కాదు. ఇదివరకు ఇంతకన్నా దూరం నుంచి కొట్టాను. పిస్తోలు ఎత్తాను. ట్రిగ్గర్ కదల్లేదు.

నా దీపం ఎర్రగా ఉంది.

నమ్మలేదు. పిడి మీద చెయ్యి మార్చాను. పిస్తోలు పాడైందనుకున్నాను, మా ఆయన అన్నట్టే. ఊపిరి తీసి ఆపాను. వదలడం మర్చిపోయాను. చెవుల్లో నా గుండె చప్పుడు తప్ప ఏదీ వినబడలేదు. చూపు గొట్టంలోంచి చూసినట్టు సన్నబడి, అందులో ఆయన ముఖం ఒక్కటే మిగిలింది. నేను కంఠతా చెప్పే పాఠమంతా ఒక్కొక్కటే నా ఒంట్లో జరుగుతోంది, ఒక్కటీ ఆపలేకపోతున్నాను. ఇదివరకు తుడుపుగాడి ముందు నిలబడింది నేనే. ఆయన కాదు.

జనం వచ్చారు, అద్దాల కింద నిలబడ్డారు. ఎవరి నోటా మాట లేదు. ఎగతాళి గట్టు మీద ఊరు దద్దరిల్లేలా అరిచే మాబున్ని చిన్నమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. అంత చప్పుడులో నేర్చుకున్నవాళ్లం, ఇంత నిశ్శబ్దం ఎవరికీ నేర్పలేదు నేను. ఆయన గుండెకు కావలసింది నా మాట ఒక్కటే అని నాకు తెలుసు. నోరు తెరిచాను. జన్మలో మొదటిసారి నాకు ఏమనాలో తోచలేదు.

అప్పుడు ఆయన నా వైపు చూశాడు. నా చేతి వైపు చూశాడు.

"ఏం మే" అన్నాడు. గొంతు వణుకుతోంది. "ఊరందరికీ పచ్చదీపం పాఠం చెప్పే పంతులమ్మవు. నీ చేతిలో ఏందది, టమేటా పండా?"

తుడుపుగాడి తల మాట వినబడిన వైపు, అంటే ఆయన వైపు తిరిగింది. కత్తెర చెయ్యి ముందుకు జరిగింది.

"ఊపిరి ఇడువు. ఇడవకుంటే తుడుపుగాని కంటే ముందర నువ్వే పోతావు. నోరు పడిపోయినాదా? ఓ దేవుడా, ఇన్నేండ్లకు నా మొర ఆలకించినావు, రేపు నీకు టెంకాయ కొడతా!"

ఆ చివరి ముక్కకు గొంతులో వణుకు లేదు. ఆయన దీపం పచ్చగా మారింది. తుడుపుగాడు తల ఎత్తాడు. ఆయన కాల్చాడు. మొదటిది మెడ రేకుకు తగిలి పక్కకు పోయింది. ఆయన కంగారు పడలేదు. పాలు పిండినట్టు మళ్లీ నొక్కాడు. కన్ను పగిలింది.

తుడుపుగాడు ముందుకాళ్ల మీద కూలబడ్డాడు. పడ్డాక కూడా తుడిచే చెయ్యి ఒకటి కాసేపు నేల తుడుస్తూనే ఉంది. మా ఆయన నేర్పినట్టే ట్రిగ్గర్ మీద నుంచి వేలు తీసి, ఎడమకూ కుడికీ చూసి, ఇంకెవరూ రావడం లేదని రూఢి చేసుకుని, అప్పుడు కింద కూర్చుండిపోయాడు. నేను వెళ్లి పక్కన కూర్చున్నాను. ఆయన చొక్కా పట్టుకుని ఏడ్చాను. ఊరంతా చూసింది, చూడనీ.

మృగశిర కార్తె, బుధవారం

మబ్బు పట్టింది. ఎండ లేకపోతే తుడుపుగాళ్లకు బలం ఉండదు. ఊరు కాస్త ఊపిరి పీల్చుకుంది. పీల్చుకున్న ఊపిరంతా నన్ను ఎగతాళి చేయడానికి వాడుతోంది.

తుడుపుగాడి ముందు ఎర్రదీపం వెలిగినవాళ్లు మళ్లీ పరీక్షకు నిలబడాలన్నది నేను పెట్టిన నియమమే. నిలబడ్డాను. గట్టు మీద చోటు చాలక జనం పక్కన చాపలు పరుచుకున్నారు. ఇన్నాళ్లూ నా చేత మాటలు పడ్డవాళ్లందరూ వచ్చారు. దస్తగిరన్న కూడా పెద్దరికం పక్కన పెట్టి రెండు ముక్కలు అన్నాడు. నా దీపం పచ్చగా ఉంది, తూటాలన్నీ సున్నపు బొట్టులో పడ్డాయి.

"గెలిచినావు గదా, రాసుకో" అన్నాడు దస్తగిరన్న.

"ఉండన్నా" అన్నాను. తూటాలు తీసేసి, ఒట్టి పిస్తోలు పట్టుకుని, మా ఆయన్ను పోయి గురికట్ట నుంచి కనబడే మోటరు గది గోడ దగ్గర నిలబడమన్నాను. ఆయన వెళ్లి నిలబడ్డాడు. నేను కట్ట వైపే గురిపెట్టాను, ఆయన్ను ఓరకంటితోనే చూశాను. తుడుపుగాడు లేడు, ఎండ కూడా లేదు. దీపం ఎర్రగా మారింది. జనం ఈసారి నవ్వలేదు.

దస్తగిరన్న వంగి నా దీపం చూశాడు. "నేర్పేది నువ్వే నేర్పు. ఆయప్ప కాపలా ఉన్న పొద్దు మాత్రం అటుపక్క రాబాకు" అన్నాడు. సరేనన్నాను. ఇక ఫలితాలు రాస్తున్నాను.

ఉరుకుందు: గెలిచాడు.

హనుమక్క: తప్పింది.

మృగశిర కార్తె, ఆదివారం

మధ్యాహ్నం మబ్బు విడిపోయి ఎండ కాసింది. మా ఆయనది మొదటి కాపలా. పిస్తోలు నడుముకు కట్టుకుని వెళ్లాడు. మాట ప్రకారం నేను ఇంట్లోనే ఉన్నాను. శెనక్కాయలు ముందేసుకుని కూర్చున్నాను, ఒక్కటీ వలవలేదు. ఎందుకో తూటాల్లేని పిస్తోలు తెచ్చి ఒళ్లో పెట్టుకుని పిడి పట్టుకున్నాను. ఎర్రదీపం. ఊపిరి తీశాను, ఆపాను, వదిలాను. ఎర్రదీపమే. కంచం మోగుతుందేమోనని చెవులు రిక్కించి కూర్చున్నాను. మోగలేదు.

పొద్దు వాలాక సందులో చెప్పుల చప్పుడైంది. ఎడమకాలు కాస్త ఈడ్చే చప్పుడు, ఆయనదే. తలుపు దగ్గర దగ్గి "ఏం మే, ఉండావా?" అన్నాడు. ప్రాణం లేచి వచ్చింది. ఇక పచ్చగా మారుతుందని దీపం వైపు చూశాను. మారలేదు. ఎర్రగానే ఉంది, ఇందాకటి కన్నా ఎక్కువగా. భయం పోయింది కదా, ఇంకా ఎందుకు ఎర్రగా ఉందో నాకు అర్థం కాలేదు.

అర్థమయ్యాక పిస్తోలును గబుక్కున శెనక్కాయల బస్తా వెనక దాచేశాను. ఈ వయసులో ఆ దీపం మా ఆయన కంట పడిందంటే నన్ను బతకనివ్వడు.